సెటిల్ అయిన బాకీ తీరిన బాకీ కాదు

అప్పులు, కార్డులు, సిబిల్ స్కోరు (మనం అప్పులు కట్టే తీరుకి వేసే మార్కులు) గురించి ఏదైనా అడగండి అని పోయిన నెల ఈ పేజీలో అన్నందుకు నాకు మంచి శాస్తే జరిగింది. కర్నూలు, అనంతపురం, కడప వైపు నుంచి ఉత్తరాలు, వాట్సాప్ మెసేజీలు గంపెడు వచ్చాయి. అందులో సగం మంది ఒకే ముక్క రాశారు: "సార్, స్కోరు ఎట్ల పెంచుకోవాలి?" ఏం జరిగిందో చెప్పకుండా మందు రాయమంటే డాక్టరు మాత్రం ఏం రాస్తాడు? కొందరు మాత్రం జరిగింది జరిగినట్టు రాసి, రిపోర్టు ఫొటోలు కూడా పంపారు. ఈసారి జవాబులు వాళ్లకే. పేర్లు వేయడం లేదు, అప్పు సంగతి ఊరందరికీ తెలియాల్సిన పని లేదు.

ప్రశ్న (ప్రొద్దుటూరు నుంచి): నేను ఎర్రగుంట్ల దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో పని చేస్తాను. కరోనా టైంలో జీతం సరిగా రాక క్రెడిట్ కార్డు బాకీ 46,000 అయింది. రికవరీ వాళ్లు పొద్దున లేచింది మొదలు ఫోన్లు. 2021లో "అన్నా, 18,000 కట్టేయ్, సెటిల్ చేసేస్తాం" అంటే కట్టేశాను, లెటర్ కూడా ఇచ్చారు. ఇప్పుడు ఇల్లు కట్టుకుందామని లోన్‌కి పోతే స్కోరు 641 ఉంది, పాత సెటిల్‌మెంటు ఉంది అని తిప్పి పంపారు. ఇంకో మూడు బ్యాంకుల్లో అడిగినా అదే మాట. తీరిపోయిన బాకీకి ఇప్పుడు శిక్ష ఏంది సార్?

తీరిపోలేదు నాయనా, చిక్కంతా అక్కడే ఉంది. నీ లెటర్ ఫొటో చూశాను. అందులో ఉన్నది 'సెటిల్‌మెంటు' అన్న మాట, 'నో డ్యూస్' (బాకీ ఏమీ లేదు) అన్న మాట కాదు. రెండూ ఒకటే అనుకుని ఫైల్లో పెట్టుకున్నావు. ఊళ్లో పంచాయితీ జరిగి, 46,000 ఇవ్వాల్సినవాడు 18,000 చేతిలో పెట్టి లేచిపోతే, అప్పిచ్చినాయన "సరేలే పో" అంటాడు కానీ మళ్లీ వాడికి పది రూపాయలు పుట్టనిస్తాడా? బ్యాంకు చేసింది కూడా అంతే. మిగిలిన 28,000 మీద ఆశ వదులుకుని, ఆ సంగతి అందరి అప్పుల చిట్టా రాసిపెట్టే సిబిల్ లాంటి కంపెనీలకు రాసి పంపింది. ఆ రాత నీ రిపోర్టులో కార్డు నంబరు కిందే 'సెటిల్డ్' అని కనబడుతుంది. హోమ్ లోన్ ఇచ్చే ఆఫీసరు స్కోరు కంటే ముందు చూసేది ఆ మాటనే, 31 ఏళ్లు కౌంటరు అవతల కూర్చున్నవాడిగా చెబుతున్నా.

ఇప్పుడు చేయాల్సింది ఏమిటంటే, కార్డు ఇచ్చిన బ్యాంకుకే రాతపూర్వకంగా (మెయిల్ అయినా సరే) అడుగు: మిగిలిన బాకీ ఎంతో చెప్పండి, అది కడితే నా ఖాతాను 'క్లోజ్డ్' అని మార్చి పంపుతారా అని. వాళ్లు సరే అని రాసి ఇచ్చాకే డబ్బు కట్టు, అదీ కార్డు ఖాతాలోకే, ఫోన్ చేసిన ఏజెంటు చెప్పిన నంబరుకు కాదు. కొన్నిసార్లు బ్యాంకు ఆ బాకీని ఇంకో కంపెనీకి అమ్మేసి ఉంటుంది, అప్పుడు వాళ్లతో మాట్లాడాలి, రిపోర్టులో వాళ్ల పేరే ఉంటుంది చూసుకో. కట్టాక నో డ్యూస్ సర్టిఫికెట్ తీసుకో. 2025 జనవరి నుంచి బ్యాంకులు నెలకు కనీసం రెండుసార్లు సమాచారం పంపాలి కాబట్టి మునుపటంత ఆలస్యం కాదు, ఒక నెల ఆగి మళ్లీ రిపోర్టు తీసి చూడు.

స్కోరు మరుసటి రోజే 750కి ఎగరదు, ఆశ పెట్టుకోవద్దు. కానీ 'సెటిల్డ్' ఉన్న ఫైలుకూ 'క్లోజ్డ్' ఉన్న ఫైలుకూ ఆఫీసరు ముఖంలో తేడా కనిపిస్తుంది. ఇంకోటి, నాలుగు బ్యాంకుల్లో వరసగా అప్లై చేశావే, ఆ నాలుగూ రిపోర్టు చివర ఎంక్వైరీల కింద తేదీలతో సహా పడి ఉంటాయి. వీడికి డబ్బు అంత అర్జంటా అని చూసేవాడికి అనుమానం. ఆ 'సెటిల్డ్' మాట సరిదిద్దుకునే దాకా ఐదో బ్యాంకు గడప తొక్కొద్దు.

అట్లని సెటిల్‌మెంటు ఎప్పుడూ చేసుకోకూడదు అని నేననను. ఇంట్లో ఆపరేషన్ జరిగి, ఉద్యోగం పోయి, నిజంగా దారి లేనివాడికి ఏమీ కట్టకుండా పారిపోవడం కంటే అది నయం. ఏం సంతకం పెడుతున్నామో తెలిసి పెట్టాలి, అంతే. రికవరీ ఫోన్ల సంగతి కూడా రాశావు కాబట్టి చెబుతున్నా, పొద్దున 8 లోపల, రాత్రి 7 దాటాక ఫోన్ చేయకూడదని రిజర్వు బ్యాంకు నియమం ఉంది. ఇప్పుడు నీకు పనికిరాదు, చదివే ఇంకొకరికి పనికొస్తుంది.

ప్రశ్న (కర్నూలు, నంద్యాల చెక్‌పోస్టు దగ్గర మొబైల్ షాపు): కార్డు లిమిట్ 75,000. పోయిన ఏడాది షాపు రిపేరుకి 60,000 వాడేసినాను. అప్పట్నించి కార్డు ముట్టుకోలేదు, ప్రతి నెలా మినిమమ్ డ్యూ (కనీసం కట్టాల్సింది) తప్పకుండా కట్టినా, ఒక్క నెల కూడా లేట్ లేదు. ఇప్పటికి 34,000 దాకా కట్టినట్టు లెక్క తేలింది, బాకీ చూస్తే ఇంకా 54,000. స్కోరు కూడా తగ్గింది. మోసమా ఇది?

మోసం కాదన్నా, లెక్క. బ్యాంకు దాచిపెట్టిన లెక్క కూడా కాదు, స్టేట్‌మెంటు వెనక చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది. మనమే చదవం.

మీ మొదటి నెల తీసుకుందాం. బాకీ 60,000. మినిమమ్ డ్యూ ఐదు శాతం, అంటే 3,000. మీ కార్డు వడ్డీ నెలకు మూడున్నర శాతం అని మీరు పంపిన కాగితంలోనే ఉంది, అది 2,100. ఆ వడ్డీ మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ, 378. రెండూ కలిపితే 2,478. మీరు కట్టిన 3,000లో అసలుకు చేరింది 522 రూపాయలు! పన్నెండు నెలలు ఇట్లే నడిస్తే 34,000 కట్టాక 6,000 తగ్గుతుంది, మీ లెక్క సరిగ్గా అదే చెబుతోంది.

మన లెక్కలో చెప్పుకుంటే ఇది నూటికి నాలుగు రూపాయల పైన వడ్డీ. ఊళ్లో ఎవరైనా నూటికి మూడు అడిగితే రక్తం పీలుస్తున్నాడని తిడతాం. జేబులో మెరిసే కార్డుకి మాత్రం నాలుగు ఇస్తాం, పైగా గోల్డ్ కార్డు అని చూపించుకుంటాం. ఇంకో సంగతి, బాకీ మొత్తం కట్టని నెలల్లో కార్డు మీద కొత్తగా ఏం కొన్నా వడ్డీ లేని గడువు ఉండదు, కొన్న రోజు నుంచే మీటరు తిరుగుతుంది. మీరు ముట్టుకోకుండా ఉన్నారు, ఆ ఒక్క పని మంచిది చేశారు.

స్కోరు ఎందుకు తగ్గిందంటారా? లేట్ లేదు నిజమే, రిపోర్టులో ఏ నెల కట్టారో లేదో చూపే గడులన్నీ శుభ్రంగానే ఉంటాయి. కానీ 75,000 లిమిట్‌లో 54,000 ఎప్పుడూ నిండే ఉంది. గొంతు దాకా మునిగి ఉన్నట్టు కనిపిస్తుంది చూసేవాళ్లకి. లిమిట్‌లో మూడో వంతు లోపల ఉంటే మేలు.

ఇంట్లో బంగారం ఉందా? ఉంటే అది బీరువాలో పెట్టుకుని నూటికి నాలుగు కట్టడం ఏం లెక్క అన్నా? ప్రభుత్వ బ్యాంకులో గోల్డ్ లోన్ నూటికి రూపాయి లోపలే వస్తుంది. తాకట్టు పెట్టి కార్డు బాకీ ఒక్కసారే తుడిచేయండి, ఆ నెలనెలా కట్టే 3,000 గోల్డ్ లోన్‌కి కట్టండి. అది కూడా కట్టకపోతే నగ వేలానికి పోతుంది, ఇంట్లో ఆడవాళ్లతో చెప్పే చేయండి. బంగారం లేకపోతే పర్సనల్ లోన్‌కి మార్చుకోండి, దానికీ వడ్డీ ఉంటుంది కానీ ఇంత ఉండదు. కార్డుతో ఏటీఎంలో డబ్బు తీసి ఈ బాకీ కడదాం అనే తెలివి మాత్రం వద్దు. దానికి ఫీజు వేరే, వడ్డీ ఆ నిమిషం నుంచే.

ప్రశ్న (ధర్మవరం నుంచి ఒక అమ్మాయి): మాది మగ్గం ఇల్లు. నేను చీరలు ఫోన్‌లో ఫొటోలు పెట్టి అమ్ముతా, నెలకు పాతిక చీరల దాకా పోతాయి. ఇంతవరకు ఎవరికీ రూపాయి బాకీ లేము. బ్యాంకుకు పోతే "మీకు హిస్టరీ లేదమ్మా" అన్నారు. అప్పు చేయకపోవడం కూడా తప్పేనా సార్?

తప్పు కాదు తల్లీ. నీ రిపోర్టు తీస్తే స్కోరు ఉండాల్సిన చోట మైనస్ 1 అనో, ఎన్‌హెచ్ అనో ఉంటుంది. అంటే చెడ్డ స్కోరు కాదు, నీ గురించి వాళ్లకి ఏమీ తెలియదు అని. మొదటిసారి అప్పు అడిగేవాళ్లని హిస్టరీ లేదన్న ఒక్క కారణంతో తిప్పి పంపొద్దని రిజర్వు బ్యాంకు కూడా చెప్పింది, కాబట్టి కౌంటరు దగ్గర ఆ మాట విని లేచి రావద్దు. చీరలు అమ్మిన డబ్బు ఫోన్‌పేలో వచ్చిపోయేది ఏ ఖాతానో ఆ ఖాతా ఉన్న బ్రాంచికే వెళ్లు, ఏడాది స్టేట్‌మెంటు ప్రింటు తీసుకుని వెళ్లు. చిన్న వ్యాపారాలకు అప్పులిచ్చే ప్రభుత్వ పథకం ముద్రలో శిశు అని ఉంటుంది, 50,000 దాకా తాకట్టు అడగరు, మొదటి అప్పుకి అది చాలు.

అది అయ్యేలోపు ఇంకో పని. ఒక 20,000 ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసి దాని మీద కార్డు అడుగు. డిపాజిట్ వాళ్ల దగ్గరే ఉంటుంది కాబట్టి హిస్టరీ అడగరు. దాంతో కరెంటు బిల్లు, ఫోన్ రీచార్జి, అంతే. జరీ కొనడానికి వాడొద్దు. గడువు లోపల మొత్తం కట్టేయ్, మినిమమ్ కాదు (పైన కర్నూలు అన్న కథ చదివావు కదా). ఆరు నెలలు తిరిగేసరికి స్కోరు పుట్టే అవకాశం ఎక్కువ. బజారులో కుదువ పెట్టి తెచ్చిన డబ్బు, చీటీ పాటలు ఎంత నిజాయితీగా కట్టినా అక్కడ లెక్కకు రావు. బ్యాంకులో పెట్టిన బంగారం మాత్రం వస్తుంది.

ప్రశ్న (కళ్యాణదుర్గం, ప్రస్తుతం బెంగళూరులో ఉద్యోగం): మా నాన్నకు పంట రుణం ఉంది. మాఫీ వస్తుందని రెండేళ్లు రెన్యువల్ చేయకుండా ఆగాడు, ఇప్పుడు మొండి బాకీ అంటున్నారు. అది నా కారు లోన్‌కి అడ్డం వస్తుందా? ఇంకోటి, మా బావ ట్రాక్టర్ లోన్‌కి నేను జామీను సంతకం పెట్టాను. శెనక్కాయ పోయి ఆయన మూడు కంతులు ఆపేశాడు. అప్పు నాది కాదు కదా?

నాన్న బాకీ నీకు అంటదు. రిపోర్టు మనిషికి ఒకటి, పాన్ కార్డుకి ఒకటి, ఇంటికి ఒకటి కాదు. ఆ పంట రుణంలో నువ్వు సహ రుణగ్రహీతగానో జామీనుగానో లేకపోతే నీ జోలికి రాదు.

బావది మాత్రం నీదే.

జామీను అంటే పక్కన నిలబడి సాక్షి సంతకం పెట్టడం అని మనవాళ్లలో చాలామంది నమ్మకం. సాక్షి కాదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం అప్పు తీసుకున్నవాడికి ఎంత బాధ్యతో జామీనుదారుకీ అంతే బాధ్యత. బ్యాంకు ముందు బావ ట్రాక్టర్ పట్టుకుని, తర్వాత నీ దగ్గరికి రావాలన్న వరస కూడా అందులో లేదు. నీ రిపోర్టు తీసి చూడు, ఆ ట్రాక్టర్ లోన్ నీ పేరు కింద 'గ్యారంటర్' అని పడి ఉంటుంది. దాని కింద నెలల గడులు ఉంటాయి. సకాలంలో కట్టిన నెలకు 000, ముప్పై రోజులు దాటితే 030, అరవై దాటితే 060. మూడు కంతులు ఆగాయన్నావు, కంతు నెలకా ఆరు నెలలకా రాయలేదు. పంట మీద కట్టే ఆరు నెలల కంతులైతే పరిస్థితి ఇంకా ముదిరి ఉంటుంది.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో తోటి ఉద్యోగికి ఇట్లే సంతకం పెట్టాను. ఆయన బదిలీ మీద పోయాడు, నాలుగు నెలలు నా జీతంలో కోత పడింది. ఆ నాలుగు నెలలు ఇంట్లో నాకు పడిన అక్షింతలు ఇప్పటికీ గుర్తే, కాబట్టి నీ బాధ నాకు అర్థమవుతుంది.

బావతో గొడవ పెట్టుకోకుండా ముందు ఇద్దరూ కలిసి బ్రాంచికి వెళ్లండి. పంట పోయిన ప్రాంతమని గడువు మార్చే వీలుందేమో అడగండి. వీలు లేదంటే ఆగిన కంతుల్లో ఒకటైనా నువ్వే కట్టి గడులు ఇంకా పెరగకుండా ఆపు. కట్టిన రసీదు నీ పేరు మీద దాచుకో, నువ్వు కట్టినంత బావ దగ్గర వసూలు చేసుకునే హక్కు అదే చట్టం నీకు ఇస్తుంది. (వాడతావా లేదా అన్నది మీ అక్కను అడిగి తేల్చుకో.) జామీను నుంచి తప్పుకోవాలంటే బ్యాంకు ఒప్పుకోవాలి, ఇంకొకరిని చూపిస్తే తప్ప ఒప్పుకోరు.

నాన్న సంగతికొస్తే, మూడు లక్షల దాకా పంట రుణం ఏడాది లోపల కడితే వడ్డీ నాలుగు శాతమే పడుతుంది, దాటితే ఆ రాయితీ పోతుంది. 2014 మాఫీ తర్వాత మన వైపు ఎంతమంది ఇట్ల ఎదురుచూసి వడ్డీ మీద వడ్డీ కట్టారో నా కళ్లతో చూశాను. మాఫీ వచ్చే రోజు వస్తుంది, రెన్యువల్ ఈ నెలే చేయించు.

ప్రశ్న (కడప నుంచి): నా రిపోర్టులో నేను తీసుకోని బైకు లోన్ ఉంది, అదీ డీఫాల్ట్‌తో. నాకు బైకే లేదు, స్కూటీ ఉంది, అదీ నగదుకు కొన్నది. ఏడు రోడ్ల దగ్గర ఒకాయన 8,000 ఇస్తే సిబిల్ నుంచి తీసేయిస్తానంటున్నాడు. ఇవ్వమంటారా?

ఇవ్వొద్దు. తప్పు రాత అయితే తీయించుకోవడం ఉచితం, నిజమైన రాత అయితే ఎనిమిది వేలు కాదు ఎనభై వేలిచ్చినా ఎవడూ తీయలేడు. రెండు రకాలుగానూ ఆ డబ్బు దండగ.

మన జిల్లాల్లో ఇది మామూలే. ఒక వీధిలో నలుగురు మహబూబ్ బాషాలు ఉంటారు, ఒక ఊళ్లో ఐదుగురు ఓబులేసులు. పుట్టిన తేదీ చూస్తే బడిలో అయ్యవారు వేసిన జూన్ 1 అందరికీ. పేరూ తేదీ కలిసిపోయి ఒకరి అప్పు ఇంకొకరికి అతుక్కుంటుంది. మీ రిపోర్టు మొదటి పేజీలో పాన్ నంబరు, పాత అడ్రసులు, ఫోన్ నంబర్లు ఉంటాయి, అవి ఒక్కొక్కటే మీవేనా చూడండి. ఎక్కడో తెలియని ఊరి అడ్రసు కనబడితే దొంగ దొరికినట్టే.

సిబిల్ ఒక్కటే కాదు, ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హైమార్క్ అని ఇంకో మూడు ఉన్నాయి. నాలుగూ ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. సైట్లో నెల చందా ప్లాన్లు ముందు కనబడతాయి, కంగారు పడకుండా ఉచిత రిపోర్టు ఎక్కడుందో వెతకండి. ఎందులో తప్పుంటే అందులోనే డిస్ప్యూట్ (ఈ రాత తప్పు అన్న అభ్యంతరం) పెట్టండి, ఆ లోన్ ఇచ్చిన ఫైనాన్స్ కంపెనీకి కూడా ఒక మెయిల్ కొట్టండి. 30 రోజుల్లో తేల్చాలి. తేల్చకపోతే ఆ తర్వాత రోజుకు 100 రూపాయల చొప్పున మీకు పరిహారం ఇవ్వాలని నియమం, 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. అప్పటికీ కదలకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి ఆన్‌లైన్‌లో ఫిర్యాదు, దానికీ పైసా ఖర్చు లేదు. నంబరు కావాలంటే 14448.

నా రిపోర్టులోనే, ఎప్పుడో తీర్చేసిన స్కూటర్ లోన్ మొన్నటిదాకా ఇంకా నడుస్తున్నట్టు ఉండేది. జీవితమంతా బ్యాంకులో పని చేసి నాది నేనే చూసుకోలేదు. ఇంకో చిన్న మాట, పాత సిండికేట్ బ్యాంకు అప్పు రిపోర్టులో కనబడలేదని ఇద్దరు రాశారు. అది 2020 ఏప్రిల్‌లో కెనరాలో కలిసిపోయింది, ఆ పేరు కింద వెతకండి.

చిన్న చిన్నవి కొన్ని

గుంతకల్లు నుంచి అడిగినవారికి: మీ స్కోరు మీరే చూసుకుంటే తగ్గదు. రోజూ చూసుకున్నా తగ్గదు, టెన్షన్ తప్ప.

ఆదోనివారికి: మీరు అడగని కార్డు ఇంటికి వస్తే ఓటీపీ చెప్పొద్దు, మీరు ఒప్పుకోకుండా అది యాక్టివేట్ కాకూడదు. ఉన్న కార్డు క్లోజ్ చేయమని రాశాక, బాకీ ఏమీ లేకపోతే ఏడు పనిదినాల్లో మూసేయాలి, దాటితే రోజుకు 500 మీకు ఇవ్వాలి. కస్టమర్ కేర్ అమ్మాయి "సార్, మీకు రివార్డు పాయింట్లు..." అని మొదలుపెడితే మెత్తబడొద్దు.

పులివెందుల నుంచి రాసిన టీచరమ్మకు: ఇల్లు లోన్ తీరాక కాగితాలు ఇవ్వడానికి తిప్పుతున్నారన్నారు. తీరిన 30 రోజుల్లోపు ఇవ్వాలి, వాళ్ల వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000. ఈ రెండు అంకెలు వేసి మేనేజరు గారికి ఒక ఉత్తరం రాయండి, కాపీ మీద సీలు వేయించుకోండి. ఈసీ (ఆస్తి మీద తనఖాలు చూపే రిజిస్ట్రేషన్ ఆఫీసు కాగితం) తీసి తనఖా ఎత్తేశారో లేదో కూడా చూసుకోండి.

కర్నూలు సీ క్యాంపు నుంచి రాసిన తమ్ముడికి: జీతం ఏడో తారీఖు, ఈఎంఐ ఐదో తారీఖు, ప్రతి నెలా బౌన్స్, ప్రతి నెలా ఛార్జీలు, పైగా రిపోర్టులో మచ్చ. నువ్వు స్కోరు పెంచే చిట్కా అడిగావు. బ్రాంచికి పోయి ఈఎంఐ తారీఖు పదికి మార్చమని అడుగు తమ్ముడూ, చాలాచోట్ల మారుస్తారు. మార్చకపోతే జీతం పడిన రోజే వచ్చే నెల ఈఎంఐ పక్కన పెట్టు.